గ్రంథరాశి – అన్వేషణ సాధనం: సైబరాబాదు అనుభవంపై ఒక చారిత్రక పరిశీలన

1

గ్రంథాలయ చరిత్ర అంటే గ్రంథాల సంఖ్య పెరిగిన చరిత్ర కాదు. ఏ గ్రంథంలో ఏమున్నదో తెలుసుకొనే శక్తి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారింది, ఆ మార్పుకోసం ఎవరు శ్రమించారు, ఎవరు అడ్డు తగిలారు అన్నదే దాని అసలు చరిత్ర. తాళం వేసిన బీరువాలో లక్ష పుస్తకాలున్నా, తాళం లేని బీరువాలో జాబితా లేకుండా లక్ష పుస్తకాలు పడివున్నా పాఠకుడికి ఒరిగేది ఒకటే.

ఈ దృష్టితో హైదరాబాదు నగరపు పడమటి కొసన గత పాతికేళ్ళకు పైగా జరుగుతూ వచ్చిన ఒక ప్రయత్నాన్ని పరిశీలించడం అవసరం. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అనే ఊళ్ళు హైటెక్ సిటీగా, సైబరాబాదుగా మారిన కాలంలోనే, అదే ప్రాంతంలో, వేలకువేలు పాత తెలుగు పుస్తకాలను యంత్రంలోకి ఎక్కించి, వాటిలోపలి మాటలను వెతికి తీసే సాధనాలకోసం ప్రయోగాలు జరిగాయి. వీటిగురించి రెండు రకాల మాటలు వినబడుతూ వుంటాయి. యంత్రం వచ్చింది గనక జ్ఞానం అందరిదీ అయిపోయిందని కొందరి ఉత్సాహం. ఇదంతా బహుళజాతి కంపెనీల హంగామా, దీనితో మనకు పనిలేదని మరికొందరి ఉదాసీనత. రెండూ చరిత్రను పక్కన పెట్టిన మాటలే. మొదటివారు యంత్రం వెనకనున్న మనిషిని చూడరు. రెండవవారు యంత్రాన్ని స్వాధీనం చేసుకోవలసిన మనిషిని చూడరు.

2

ప్రాచీన పత్రాలను ఒకచోట చేర్చడమన్నది మనదేశంలో చాలావరకు పాలకుల అవసరంకోసమే మొదలైంది. 1821లో మరణించిన కాలిన్ మెకంజీ సర్వే అధికారి. ఆయన పేరుమీద నిలిచిన కైఫీయత్తులను ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, ప్రతులు రాయించి తెచ్చినవారిలో ముఖ్యులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు. పేరు దొరది, పని తెలుగువారిది. అయినా కంపెనీ ప్రభుత్వం తన పాలనకోసం కూర్చుకున్న ఆ కైఫీయత్తులనుంచే తర్వాతి చరిత్రకారులు మన గ్రామాల చరిత్రను, పన్నుల బాధను, వలసల కథను తవ్వి తీశారు. ఒక సాధనం ఎవరి ప్రయోజనంకోసం పుట్టిందో చెప్పినంతమాత్రాన అది చివరికి ఎవరికి ఉపయోగపడుతుందో చెప్పినట్టు కాదు. అది సామాజికశక్తుల పోరాటాన్నిబట్టి తేలే విషయం.

ఇరవయ్యో శతాబ్దపు గ్రంథాలయోద్యమం ఈ సత్యాన్ని ఆచరణలో చూపింది. 1901లో హైదరాబాదు రెసిడెన్సీ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. ఏలేవారి భాష వేరు, ప్రజల భాష వేరుగా వున్న నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాన్ని బహిరంగంగా ఒక అరలో నిలబెట్టడమే ఆనాడొక రాజకీయ చర్య. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలిని ప్రారంభించారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కాలువమీద పడవ గ్రంథాలయాన్ని నడిపారు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాల మూట తానే మోసుకొని ఊళ్ళు తిరిగి అమ్మాడు. సభ జరుపుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోమని గస్తీ నిషాన్ 53 శాసించిన రాజ్యంలో ఈ పని జరిగిందని గుర్తుంచుకోవాలి.

వీరందరూ పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి తీసుకువెళ్ళారు. పాఠకుడిని పుస్తకంలోని పుటదగ్గరికి తీసుకువెళ్ళడం తర్వాతి మెట్టు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మాల్లో ఒకటని 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ సూత్రీకరించింది ఈ మెట్టుగురించే. తెలుగుదేశంలో ఆ మెట్టు చాలాకాలం అసంపూర్తిగానే మిగిలిపోయింది. మన పాత గ్రంథాల్లో అధికభాగానికి వెనకపుటల్లో పదసూచి వుండదు. పత్రికలకు వార్షిక విషయసూచికలు దొరకవు. పరిశోధక విద్యార్థి ఒక సంగతికోసం నెలలతరబడి దుమ్ములో కూర్చొని పుటలు తిప్పవలసిందే. నెలలతరబడి నగరంలో వుండగల స్తోమత ఎవరికి వుంటుంది? ఖమ్మం, శ్రీకాకుళం పల్లెలనుంచి వచ్చే పేద విద్యార్థికి వుండదు. అంచేత పదసూచి లేకపోవడమనేది కేవలం సాంకేతిక లోపంకాదు, వర్గ సమస్య కూడా.

3

1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే సంవత్సరం గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, ఏర్పడింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో మరొకరితో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి ఒక పథకాన్ని ముందుకు తెచ్చాడు. పదిలక్షల పుస్తకాలను ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదువుకొనేలా యంత్రరూపంలో పెట్టాలన్నది దాని ఉద్దేశం. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ సొమ్ముతో స్కానర్లు వచ్చాయి. మనదేశంలో ప్రభుత్వమూ ప్రభుత్వ సంస్థలూ ఈ పనికి అండగా నిలిచాయి. దీని భారతీయ శాఖ, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ నాయకత్వాన, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పేరు పొందింది. హైదరాబాదు దానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి.

2007 చివర ప్రకటించిన లెక్క ప్రకారం మొత్తం 15 లక్షల గ్రంథాలు యంత్రంలోకి ఎక్కాయి. వాటిలో చైనా భాషవి సుమారు 9,70,000, ఇంగ్లీషువి 3,60,000, తెలుగువి 50,000, అరబ్బీవి 40,000. అంటే ఆ మహాగ్రంథరాశిలో చైనా, ఇంగ్లీషు భాషల తర్వాతి స్థానం తెలుగుది. నగర కేంద్ర గ్రంథాలయంలోను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను తరతరాల పాఠకులు వాడిన ప్రతులే ఇవి. ఆ గ్రంథాలయాల ముద్రలు, ఇచ్చిన తేదీల చీటీలు ఆ పుటలమీద ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ అంకెల వెనక ఒక పని వుంది. పుస్తకాన్ని విరవకుండా తెరచి యంత్రం కింద పెట్టాలి. అంగుళానికి 600 చుక్కల చొప్పున పుటను చిత్రం తీయాలి. పుట తిప్పాలి, మళ్ళీ తీయాలి. తర్వాత వంకరగా పడ్డ పుటను సరిచేయాలి, అంచుల నల్లదనాన్ని తుడవాలి, పేరు, రచయిత, సంవత్సరం నమోదు చేయాలి. ఇదంతా యువతీయువకులు రోజల్లా చేతులతో చేసిన చాకిరీ. సిద్ధాంతకర్తల పేర్లు పరిశోధన వ్యాసాల్లో వున్నాయి. పుట తిప్పినవారి పేర్లు లేవు. అప్పుడప్పుడు స్కాను చేసిన పుట అంచున ఒక బొటనవేలు కనిపిస్తుంది. చరిత్రలో వారి సంతకం అదొక్కటే.

ఇది మనదేశానికే పరిమితమైన అన్యాయం కాదు. 1949లో ఇటలీ మతాచార్యుడు రాబర్టో బూసా ఐబీఎం కంపెనీ సహాయంతో థామస్ అక్వినాస్ రచనలకు పదసూచి తయారుచేయ సంకల్పించాడు. యంత్రంతో గ్రంథ పరిశోధన అక్కడినుంచే మొదలైందని చెపుతారు. ఆ రచనల్లోని మాటలను కార్డులమీద చిల్లులుగా పొడిచినవారు శిక్షణ పొందుతున్న యువతులు. వారు పనిచేస్తున్న ఫొటోలు మిగిలాయిగాని, చాలా దశాబ్దాలవరకు వారి పేర్లు ఎవరూ అడగలేదు. కావలి సోదరులనుంచి ఈ యువతులవరకు, అక్కడినుంచి మన స్కానింగు కేంద్రాలవరకు శ్రమవిభజన ఒక్కటే.

4

పుస్తకాన్ని చిత్రం తీయడంతో గ్రంథాలయం కాదు. యంత్రానికి ఆ చిత్రం నలుపు తెలుపు చుక్కల గుంపు మాత్రమే. అందులో ‘రైతు’ అనే మాట వున్నదని దానికి తెలియదు. ఇంగ్లీషుకు అచ్చును చదివే యంత్రవిద్య అప్పటికే స్థిరపడింది. తెలుగుకు అలా కాలేదు. మన లిపిలో గుణింతం అక్షరం మీదికి ఎక్కుతుంది, వత్తు కిందికి దిగుతుంది, మరొక వత్తు పక్కకు జరుగుతుంది. హల్లులు, అచ్చులు, వత్తులు కలిసి వేల ఆకృతులవుతాయి. పైగా పాత పుస్తకాల్లో అరసున్న, బండి ఱ, అరిగిపోయిన అచ్చుదిమ్మలు, వెనకపుటలోని సిరా ఇవతలికి దిగిన కాగితం.

ఈ సమస్యమీద తెలుగు శాస్త్రజ్ఞుల కృషి చిన్నది కాదు. 1977లోనే రాజశేఖరన్, దీక్షితులు అచ్చు తెలుగు అక్షరాలను రెండంచెల్లో గుర్తించే పద్ధతిని ప్రచురించారు. 2001లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి ప్రభృతులు, అక్షరాన్ని మొత్తంగా కాక, విడివిడి సిరాతునకలుగా చూస్తే వేల ఆకృతులు కొన్ని వందలకు తగ్గుతాయని చూపి, ఒక పఠన సాధనాన్ని నిర్మించారు.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సి. వి. జవాహర్, ఆయన సహచరులు మరొక దారి తొక్కారు. అక్షరాన్ని చదవడం సాధ్యం కానప్పుడు మాటను చదవకుండానే పోల్చుకోరాదా అన్నది వారి ప్రశ్న. పుటను మాటలుగా కత్తిరిస్తారు. ఒక్కొక్క మాట బొమ్మకు పైగీత ఎలా ఎగుడుదిగుడుగా నడిచింది, కిందిగీత ఎలా నడిచింది, నిలువునా నలుపు తెలుపులు ఎన్నిసార్లు మారాయి అని కొలుస్తారు. ఒక మాట కొంచెం సాగి, మరొకటి కొంచెం కుంచించి అచ్చయినా రెంటినీ సర్దిపోల్చే గణితపద్ధతి వుంది. పాఠకుడు ఒక మాట టైపు చేస్తే దాన్ని బొమ్మగా మార్చి, పుస్తకాల్లో ఆ బొమ్మను పోలినవాటిని వెతికి తెస్తారు. కోట్ల మాటలను ఒకదానితో ఒకటి పోల్చడం అసాధ్యం గనక, ఒకేలా వున్నవాటిని ముందే గుంపులుగా చేర్చి, గుంపుకు ఒకేసారి పేరు పెడతారు. తెలుగులో ‘రైతు’, ‘రైతుకు’, ‘రైతులతో’ అని మాట తోక మారుతూ వుంటుంది గనక, మొదలు కలిసి చివర తేడావున్నా ఒకే కుటుంబంగా గుర్తించే ఏర్పాటు కూడా చేశారు. 2006–2010 మధ్య ఈ ప్రయోగాలు పరిశోధన సభల్లో ప్రకటితమయ్యాయి. ఆ తర్వాత 2019లో అదే సంస్థ పరిశోధకులు తాళపత్రాలకు ఇటువంటి పని ప్రారంభించారు. ఆకు మధ్య తాటిచిల్లును, వంగిన వరుసలను, అంచు రాతలను విడదీసి గుర్తించే ఇండిస్కేప్స్ అనే నమూనా రాశిని రూపొందించారు.

ఈ పద్ధతిలో ఒక ప్రజాస్వామిక లక్షణం వుంది. యంత్రం తాను చదివానని గొప్పలు చెప్పదు. ‘ఇదిగో పుట, ఇదిగో మాట, నువ్వే చదువుకో’ అని పాఠకుడిని మూలంముందు నిలబెడుతుంది. అడిగిన ప్రశ్నకు మూలం చూపకుండా అనర్గళంగా జవాబు చెప్పే యంత్రాలు నేడు వచ్చాయి. వాటితో పోల్చినప్పుడు ఆ పాత ప్రయోగం విలువ మనకు మరింత స్పష్టపడుతుంది. మూలపుటను మరుగుపరచే సాధనం పాఠకుడిని తిరిగి పురాణశ్రవణ కాలానికి తీసుకుపోతుంది. అక్కడ వినడమేగాని విచారించడం లేదు.

5

అయితే మాటను వెతకడమే చరిత్రను వెతకడం కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణా వెట్టిచాకిరీ మీద ఒక విద్యార్థి పరిశోధన చేయాలనుకున్నాడు. గ్రంథాల పేర్లలో ‘వెట్టి’ అని వెతికితే దొరికేది అత్యల్పం. గ్రంథాల లోపల వెతికే సాధనం వుంటే ‘వెట్టి’, ‘వెట్టిచాకిరి’, ‘వెట్టివాండ్రు’ దొరుకుతాయి. కాని 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్ర మహాసభ వాడిన మాట అది. నిజాం సర్కారు కాగితాల్లో అదే పని ‘బేగార్’. అది ఉర్దూ లిపిలో వుంటుంది. దొర దృష్టిలో అది వెట్టి కానేకాదు, మామూలు. ఒకే పీడనకు పీడితుడి మాట వేరు, అధికారి మాట వేరు, పీడకుడి మాట వేరు. ఈ మూడింటినీ ముడివేసే పదకోశాన్ని ఏ యంత్రమూ తనంతట తాను తయారుచేయదు. దాన్ని చేయవలసింది చరిత్ర విద్యార్థి.

తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారంలో పారసీ, ఉర్దూ పత్రాలు కోకొల్లలు. హైటెక్ సిటీ నిలిచిన నేల ఒకనాటి నిజాం రాజ్యపు గ్రామసీమే. ఏ పొలం పట్టా, ఏది కంచ, ఏది సర్ఫేఖాస్ అన్న పాత సేత్వార్ లెక్కలు ఉర్దూలోనే రాయబడ్డాయి. ఆ నేలమీద లేచిన అద్దాలమేడల్లో ప్రపంచభాషలన్నిటికీ సాఫ్టువేరు తయారవుతుంది. ఆ నేల ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో చెప్పే కాగితాన్ని చదవగల సాధనంమీద మాత్రం పెట్టుబడికి ఆసక్తి లేదు. ఇది యాదృచ్ఛికమని అనుకోలేము. లాభం లేనిచోట పెట్టుబడి సాధనాలను పరిపుష్టం చేయదు. ఆ పని ప్రజాధనంతో, ప్రజాసంస్థలే చేయాలి.

పైగా జాబితా దశలోనే జరిగిన నష్టం వుంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచినట్టు వారు రాశారు. ఒకే రచయిత పేరు నాలుగైదు రూపాల్లో నమోదైంది. ఒకే గ్రంథం రెండుమూడుసార్లు స్కానైంది. కొన్నింటిలో పుటలు తప్పిపోయాయి. తెలుగు తెలియనివారి చేత, తెలుగు పండితుల పర్యవేక్షణ లేకుండా, సంఖ్యే లక్ష్యంగా పని చేయిస్తే ఇంతకంటె భిన్నంగా జరగదు. నింద పని చేసినవారిది కాదు, పని పెట్టిన పద్ధతిది.

6

ఇక అసలు విషాదానికి వద్దాం. 2016–17 ప్రాంతంలో, కాపీరైటు అభ్యంతరాల నడుమ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రజలకు తెరచివుంచిన తలుపు మూతపడింది. మనదేశపు ప్రజాధనంతో, మన గ్రంథాలయాల ప్రతులతో, మన యువకుల శ్రమతో తయారైన ఆ రాశిలో 4 లక్షలకు పైగా గ్రంథాలు నేడు చదువరికి దొరుకుతున్నాయంటే, అమెరికాకు చెందిన కార్ల్ మలమూద్ అనే ప్రజాసమాచార కార్యకర్త వాటి ప్రతులను ముందుగానే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచడమే కారణం.

కాపీరైటు సమస్య అవాస్తవం కాదు. 1957 నాటి మన చట్టం, 1992 సవరణ తర్వాత, రచయిత మరణించిన 60 ఏళ్ళవరకు హక్కు నిలుపుతుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014లో, 1961లో మరణించిన ఆళ్వారుస్వామి రచనలు 2022లో ప్రజల ఉమ్మడి ఆస్తి అయ్యాయి. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలు 2044కుగాని కావు. జీవించివున్న రచయిత కూడును కాజేయమని ఏ అభ్యుదయవాదీ అనడు. కాని ఏ గ్రంథానికి హక్కు తీరింది, ఏ గ్రంథానికి తీరలేదు అని నిర్ణయించాలంటే రచయిత ఎప్పుడు మరణించాడో తెలియాలి. అంటే మళ్ళీ మంచి జాబితా కావాలి. జాబితా సరిగా వుంటే కొన్ని పుస్తకాలు మూతపడేవి. అది లేనందువల్ల మొత్తం గ్రంథాలయమే మూతపడింది.

పరిశోధనశాలలోని అన్వేషణ సాధనాలకు పట్టిన గతి కూడా ఇటువంటిదే. వ్యాసాలు అచ్చయ్యాయి, విద్యార్థులు పట్టాలు పొందారు. కాని ఆ 50,000 తెలుగు గ్రంథాల లోపల ఒక తెలుగు ఉపాధ్యాయుడు తనకు కావలసిన మాటను వెతుక్కొనే శాశ్వతమైన ప్రజాసౌకర్యం వాటినుంచి రూపొందలేదు. ప్రయోగానికి సొమ్ము దొరికింది, నిర్వహణకు దొరకలేదు. ఈ ఖాళీలోకి ఎవరు వచ్చారు? 2015లో గూగుల్ కంపెనీ తెలుగుతో సహా 200కు పైగా భాషల అచ్చును చదివే సౌకర్యాన్ని విడుదల చేసింది. నేడు మన పాత పుస్తకాన్ని వెతకదగిన పాఠంగా మార్చదలచినవాడు చాలాసార్లు దానినే ఆశ్రయిస్తాడు. అది బాగానే చదువుతుంది కూడా. అయితే ఒక జాతి తన గతాన్ని చదువుకొనే కళ్ళద్దాలు అద్దెకు తెచ్చుకున్నవైతే, యజమాని అడిగిననాడు తిరిగి ఇచ్చివేయవలసి వుంటుంది.

7

నిరాశకు కారణం లేదు. తెలుగు వికీసోర్సులో అజ్ఞాతులైన కార్యకర్తలు స్కాను పుట ఒకపక్క, పాఠం మరొకపక్క పెట్టుకొని అక్షరం అక్షరం సరిదిద్దుతున్నారు. సరిదిద్దిన ప్రతి పుటా అందరిదీ. గచ్చిబౌలిలోనే వున్న స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థ 2023లో వేలాది ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి, పాత తెలుగు కథల స్కాను పుటలను దిద్దించి, ఆ పాఠంతో ఒక తెలుగు భాషాయంత్రాన్ని తయారుచేయించింది. పడవ గ్రంథాలయం నడిపిన స్ఫూర్తికి ఇది వారసత్వమే. తేడా ఒక్కటే. ఆనాటి కార్యకర్త పుస్తకాన్ని మోశాడు, ఈనాటి కార్యకర్త పుటను దిద్దుతున్నాడు.

బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రం అనుభవం కూడా మరువరానిది. 2000 ఆగస్టు వరదనీరు అక్కడి గ్రంథాలయంలోకి చేరి అమూల్యమైన ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. ఒక్క రాత్రి వాన ఎంత చరిత్రను కరిగించగలదో నగరం చూసింది. పుటను చిత్రం తీయడమంటే వేడుక కాదు, ఆత్మరక్షణ. దాన్ని తలుపు వెనక పెట్టి తాళం వేయడమంటే వరద చేసే పనిని మనమే చేయడం.

కనుక ఏ కొత్త సాధనం వచ్చినా అభ్యుదయ రచయితలు, అధ్యాపకులు, విద్యార్థులు దాన్ని కొన్ని ప్రశ్నలతో పరీక్షించాలి. అది పాఠకుడిని మూలపుటవద్దకు తీసుకుపోతుందా, లేక తన జవాబుతో సరిపెట్టుకోమంటుందా? పాఠకుడు తప్పు చూపితే దిద్దుకొనే వీలు అందులో వుందా? దాని నిర్వహణ ప్రజల అదుపులో వుందా, లేక ఒక ఉత్తర్వుతో, ఒక కంపెనీ నిర్ణయంతో మాయం కాగలదా? ఈ పరీక్షకు నిలవని సాధనం ఎంత తెలివైనదైనా మనది కాదు.

పరీక్షించడంతో మన బాధ్యత తీరదు. ప్రతి కళాశాల చరిత్రశాఖ, ప్రతి తెలుగుశాఖ తన జిల్లాలో అచ్చయిన పత్రికలకు విషయసూచిక తయారుచేయడం పాఠ్యక్రమంలో భాగం చేయాలి. వెట్టి, బేగారు వంటి మాటలకు తెలుగు–ఉర్దూ జంట పదకోశాలు కూర్చాలి. రచయితల జనన మరణ సంవత్సరాలు నిర్ధారించాలి. దిద్దినవారి పేరు ప్రతి పుటకింద వుండాలి. ఇవి చిన్న పనులు. కాని పెద్ద యంత్రాలు ఆగిపోయింది సరిగ్గా ఈ చిన్న పనులు జరగని చోటే. ప్రజాధనంతో తయారైన ప్రతి పుటా, ప్రతి అన్వేషణ సాధనమూ తిరిగి ప్రజలకు చెందాలని విశ్వవిద్యాలయాలను, ప్రభుత్వాలను డిమాండు చేసే అర్హత కూడా ఆ పని చేసినవారికే వస్తుంది. ఆళ్వారుస్వామి పుస్తకాల మూటను ఇంకొకరు మోస్తారని ఎదురుచూడలేదు.